దిగులుకు నాటు మందు: డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు

పనిచేసే చోట కులం పేరుతో తిట్లు పడి, రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లకు మన వాడల్లో ముందు చెప్పే మాట ‘పెన్నేరు గడ్డ పొడి పాలల్లో వేసుకుని తాగు’. ఆ సలహాను ఎగతాళి చేయడానికి లేదు. ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోతుంది, పోయినా అక్కడ ఎలా మాట్లాడతారో తెలియదు. పసరు మందు ఇచ్చే ముసలమ్మ కనీసం కసురుకోదు.

కానీ ఆకైనా వేరైనా పనిచేస్తుందంటే అదీ మందే, హాని కూడా చేయగలదు. సర్పగంధ వేరును మతి చలించినవాళ్లకు మన దేశంలో తరాలుగా ఇచ్చారు. దాని నుంచి 1952లో రిసర్పిన్‌ను వేరుచేసి, బీపీ మాత్రలుగా వాడారు. ఆ మాత్రలు వేసుకున్న కొందరిలో దిగులు పెరగడం డాక్టర్లు గమనించారు. దిగులు తగ్గడానికని మీకిచ్చిన పొడిలో ఆ వేరే ఉంటే?

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, ఆందోళనకూ నిద్రకూ కొంత మేలు చేస్తుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. గర్భిణులు, థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. టీబీ మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అసలే కాలేయం మీద భారం వేస్తాయి. మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ అయితే తనే దిగులు తెప్పించగలదు. ఆ దిగులుకు పొడి వెతుక్కోవద్దు, టీబీ మందు సొంతంగా మానొద్దు. ఇచ్చిన డాక్టరుకే చెప్పండి.

ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వర్ట్ ఇంకో రకం. తేలికపాటి దిగులుకు పనిచేస్తుందని ఆధారాలున్న మూలిక ఇది, చిక్కులూ దీనితోనే ఎక్కువ. హెచ్‌ఐవీ మందుల, గర్భనిరోధక మాత్రల బలం తగ్గించేస్తుంది. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి దిగులు మాత్రలతో కలిస్తే వణుకు, జ్వరం, గుండెదడ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఆయుర్వేద మందులను పరీక్షించిన అమెరికా పరిశోధకులు, దాదాపు ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉందని 2008లో ప్రకటించారు. సంతలో కాగితంలో కట్టిచ్చే పొట్లానికి లేబులే ఉండదు, ఇక అందులో ఏముందో ఎవరు చెప్పాలి?

ఏం వాడుతున్నా ఆ డబ్బానో పొట్లాన్నో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు అడగండి. నీరసం, దిగులు వాటివల్ల కూడా వస్తాయి. తిడతారన్న భయంతోనే చాలామంది నాటు మందు సంగతి దాస్తారు. ఆ భయం పోగొట్టాల్సింది డాక్టర్లే. కులం పేరుతో వివక్ష లేని మానసిక వైద్యం మీ హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

దిగులు రెండు వారాలు దాటినా, చచ్చిపోవాలనిపించినా పొడితో కాలం గడపొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.