బాటిల్ ఎక్కితే సత్తువ వస్తుందా?

మిర్చి ఏరే రోజుల్లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల రోడ్డు మీదికి పొద్దుగూకాక వెళ్లి చూడండి. ఆటోలు దిగిన ఆడకూలీల్లో కొందరు ఇంటికి పోరు. నేరుగా ఓ రేకుల గదిలోకి నడుస్తారు. లోపల రెండు బెంచీలు, గోడకు కొట్టిన మేకులు, మేకులకు వేలాడే సెలైన్ బాటిళ్లు. చేతుల మిర్చి మంట చల్లారకముందే సూది పెట్టించుకుని పడుకుంటారు. అక్కడ నాతో మాట కలిపినావిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. పదిహేను రోజులకోసారి వస్తుందట. "ఎక్కితే నాలుగు రోజులు లేచి తిరుగుతా సారూ, మళ్లీ మామూలే" అంది. ఒక్కో బాటిల్‌కు రెండు రోజుల కూలి పోతోంది. రెండేళ్లుగా ఇదే తంతు. ఆ రెండేళ్లలో ఆమె రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చివరి ముక్కే. నీరసం జబ్బు కాదు, జబ్బు చెప్పే కబురు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి గట్టు దాకా ఆ కబురు ఇంటింటా వినిపిస్తుంది. దాన్ని విని కారణం వెతికేవాళ్లకంటే, గదిమి నోరు మూయించేవాళ్లే ఎక్కువ.

అపోహ: "కష్టం చేసే ఒంటికి నీరసం మామూలే. ఆడవాళ్లకైతే మరీను."

పని చేస్తే వచ్చే అలసట రాత్రి నిద్రతో పోతుంది. తెల్లారి లేచేసరికే కాళ్లు లాగుతుంటే, బిందె ఎత్తితే గుండె దడదడలాడుతుంటే, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే అది పనివల్ల వచ్చింది కాదు. అలా వారాల తరబడి సాగితే పరీక్ష చేయించాల్సిందే.

మన దగ్గర మొదట అనుమానించాల్సింది రక్తహీనతని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తం తక్కువ. అయిదేళ్లలోపు పిల్లల్లో అయితే 70 మందికి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు రక్తహీనత ఎక్కువని ముందుగా తీసుకున్న 9 జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. ఊళ్లో సగంమందికి పైగా ఉన్నది చూసి చూసి మనకు అదే మామూలైపోయింది. కడుపుతో లేని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11, మగవాళ్లకు 13 ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనతే. ఎనిమిదితో పొలానికి పోయే ఆడవాళ్లు ఈ దారిలో ఎంతమందో. వాళ్లను "బద్ధకం" అన్న మొగుళ్లనూ అత్తలనూ చూశాను. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అపోహ: "గ్లూకోజ్ బాటిల్ ఎక్కితే ఒంట్లోకి బలం వస్తుంది."

బాటిల్‌లో ఏముందో లెక్క చూద్దాం. అర లీటరు అయిదు శాతం గ్లూకోజ్ అంటే అందులో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఆరు చెంచాలు. మహా అయితే వంద కేలరీలు. ఒక పెద్ద జొన్నరొట్టె అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ఉత్త సెలైన్ అయితే నీళ్లూ, నాలుగున్నర గ్రాముల ఉప్పూ. ఇనుము లేదు, మాంసకృత్తులు లేవు. రక్తం చుక్క కూడా పెరగదు.

మరి ఎక్కించుకున్నవాళ్లకు హుషారు ఎందుకొస్తుంది? రోజంతా ఎండలో చెమట కారి, నీళ్లు సరిగా తాగని ఒంటికి నీళ్లు అందుతాయి. పొద్దుటినుంచీ నడుం వాల్చని మనిషి గంటసేపు కదలకుండా పడుకుంటుంది. అందులో కలిపే ఎర్రటి 'బలం సూది' బీ విటమిన్లు. ఆ లోపం ఉన్నవాళ్లకే వాటితో పని. కొన్నిచోట్ల నొప్పుల మందు, స్టెరాయిడ్ కూడా కలిపేస్తారు. నాలుగు రోజుల హుషారు చాలాసార్లు దాని పుణ్యమే. స్టెరాయిడ్ పదేపదే పడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, లోపలున్న టీబీ లాంటివి విజృంభిస్తాయి.

అసలు ప్రమాదం ఇంకోటుంది. రక్తం బాగా తగ్గిన మనిషి గుండె అప్పటికే రెట్టింపు పనిలో ఉంటుంది. ఆ మనిషికి గబగబా బాటిల్ ఎక్కిస్తే గుండె మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం ముంచుకొస్తుంది. ఒకే సూది ఇద్దరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ, సీ అంటుకుంటాయి. వాంతులు, విరేచనాలతో నోటితో ఏదీ నిలవనివాళ్లకు సెలైన్ ప్రాణం పోస్తుంది, నిజం. నీరసానికి మాత్రం అది మందు కాదు.

తునికాకు కోతకు పోయే ఏప్రిల్, మే నెలల్లో ఈ అడవిలో 45 డిగ్రీలు కొత్త కాదు. చీకటితోనే పోయి కోసుకొచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లానికి మోసుకుపోయేసరికి ఒంట్లో నీళ్లూ ఉప్పూ అడుగంటుతాయి. దానికి బాటిల్ అక్కర్లేదు. ఉప్పేసిన మజ్జిగ, గంజి, అంబలి చాలు. అవి లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపితే సరి. ఆ అలుపుకు ఇప్పసారా మందనుకునేవాళ్లూ ఉన్నారు. సారా ఒంట్లోని నీటిని ఇంకా బయటికి పంపుతుంది, నిద్రనూ చెడగొడుతుంది.

అపోహ: "బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుంది."

రంగు చూసి నమ్మిన మాట ఇది. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆడమనిషికి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తెల్లబియ్యంలోనూ అంతే, వంద గ్రాములకు ముప్పాతిక మిల్లీగ్రాము లోపే. అదే కొలతకు సజ్జల్లో ఆరుకు పైన, రాగుల్లో నాలుగున్నర, జొన్నల్లో నాలుగుకు దగ్గర. కోయగూడేల్లో పాతతరం తాగిన జొన్న జావకూ, ఇప్పటి రేషన్ బియ్యం మెతుకుకూ మధ్య పోగొట్టుకున్నదేంటో ఈ అంకెల్లో కనిపిస్తుంది. పాతకాలమంతా బంగారమని నేననను. జావ మాత్రం మళ్లీ పొయ్యి మీదికి రావాలి.

తోటకూర, మునగాకు, పప్పులు మంచివే. వాటిలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. పక్కన నిమ్మకాయో, జామకాయో, అడవి ఉసిరికాయో ఉంటే పట్టే పాలు పెరుగుతుంది. భోజనం మీద టీ తాగితే ఆ కాస్తా పోతుంది. అన్నానికీ టీకీ మధ్య గంటయినా ఎడం పెట్టుకోవాలి. మాంసం తినేవాళ్లకు కాలేయం, వేటమాంసం, చేప నుంచి ఇనుము తేలిగ్గా అందుతుంది.

అయితే ఎనిమిది గ్రాములకు పడిపోయిన రక్తాన్ని కూరలతో పన్నెండుకు తేలేం. దానికి మాత్ర కావాల్సిందే.

అపోహ: "ఐరన్ మాత్రలు వేడి. కడుపులో బిడ్డ నల్లగా పుడుతుంది."

బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్రలతో నల్లగా వచ్చేది విరేచనమే, దానికి భయపడక్కర్లేదు. కొందరికి వికారం, మలబద్ధకం ఉంటాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది. గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు సర్కారు ఇస్తుంది. సబ్ సెంటర్‌లో తీసుకున్న మాత్రలు గూట్లో దుమ్ముపట్టడం ఎన్ని ఇళ్లల్లో చూశానో. రక్తం పెరిగాక కూడా ఒంట్లో నిల్వ చేరడానికి మూడు నెలలపాటు ఆపకూడదు.

బాలింతకు పథ్యం పేరుతో పప్పు, కూర, గుడ్డు, చివరకు మంచినీళ్లు కూడా తగ్గించి వెల్లుల్లి కారంతో నెల గడిపించే ఇళ్లున్నాయి. కాన్పులో రక్తం పోయి, పాలిస్తున్న మనిషికి ఇచ్చే తిండా అది? ఆమెకు ఇంట్లో అందరికంటే ఎక్కువ తిండి పెట్టాలి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద పెట్టే భోజనం, గుడ్డు, పాలు బాలింతలకూ వస్తాయి.

అపోహ: "రక్తం తక్కువంటే అందరికీ ఒకటే జబ్బు, ఒకటే మాత్ర."

ఇది చదువుకున్నవాళ్లు కూడా నమ్మేది. ఈ అడవి అంచున రక్తం తగ్గడానికి దారులు చాలా ఉన్నాయి. చెప్పుల్లేకుండా తడినేల మీద తిరిగితే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి దూరి పేగుల్లో స్థిరపడతాయి. ఒక్కోటి రోజుకు తాగేది కొద్దిగానే. అవి వందల్లో ఉంటే, ఏళ్ల తరబడి తాగితే, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా చిల్లుకుండలో పోసినట్టే. అందుకే మాత్రలతోపాటు నులిపురుగుల మందు ఇస్తారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో పిల్లలకు వేసే అల్బెండజోల్ మాత్ర అదే.

మలేరియా ఇంకో దారి. ఫాల్సిపారమ్ రకం ఎర్ర రక్తకణాలను గుంపులుగా పగలగొడుతుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. మూడో రోజుకు జ్వరం దిగిందని మందు మానేసేవాళ్లు ఎక్కువ. వైవాక్స్‌కు డాక్టరు 14 రోజుల ప్రైమాక్విన్ రాస్తే 14 రోజులూ వేసుకోవాలి. గర్భిణులకు అది ఇవ్వరు, అందుకే ఒకరి మందు ఇంకొకరు మింగకూడదు.

ఇక సికిల్ సెల్. కోయగూడేల్లో దీని గురించి విప్పి చెప్పేవాళ్లు తక్కువ. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, తొందరగా చచ్చిపోతుంది. పసిపిల్లల్లో చేతులు, కాళ్లు వాస్తాయి. కళ్లు పచ్చబడతాయి. కీళ్లలో, నడుములో ఉన్నట్టుండి భరించలేని నొప్పి లేస్తుంది. మనిషి ఎప్పుడూ నీరసంగానే ఉంటాడు. గాలి సోకిందనీ, ఎవరో చేశారనీ పూజలు చేసే వడ్డెల చుట్టూ తిరిగిన కుటుంబాలున్నాయి.

ఎవరో చేసింది కాదు. అడవే చేసింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ సెల్ జన్యువు వస్తే ఆ మనిషి మామూలుగానే ఉంటాడు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఆంథొనీ అలిసన్ అనే వైద్యుడు 1954లో తూర్పు ఆఫ్రికాలో దీన్ని నిరూపించాడు. తరతరాలుగా దోమల మధ్య బతికిన జాతుల్లో ఈ జన్యువు నిలిచింది అందుకే. భార్యాభర్తలిద్దరూ దాన్ని మోసేవాళ్లయితే చిక్కు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. అందుకే పెళ్లి మాటలకు ముందే ఇద్దరికీ పరీక్ష చేయించమని నాకు తారసపడిన ప్రతి కుటుంబానికీ చెబుతాను. మోసేవాళ్లలో లోపమేం లేదు, వాళ్లను వేరుగా చూడాల్సిన పనీ లేదు.

ఈ జబ్బున్నవాళ్లు పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగకూడదు. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఒంట్లో ఇనుము అప్పటికే పేరుకుని ఉంటుంది. వాళ్లకు కావలసింది రోజూ ఫోలిక్ యాసిడ్, దండిగా నీళ్లు, డాక్టరు చూసి ఇచ్చే హైడ్రాక్సీయూరియా. కేంద్రం 2023 జూలై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు గిరిజనులకు ఈ పరీక్ష ఉచితం.

అపోహ: "షుగర్, థైరాయిడ్ పట్నం జబ్బులు."

అడవి ఊళ్లలోనూ ఉన్నాయి. మాటిమాటికి దాహం, మూత్రం, బరువు తగ్గడంతో నీరసముంటే షుగర్ చూడాలి. ఒళ్లు బరువెక్కి, చలి ఓర్వలేక, నెలసరి తప్పుతుంటే థైరాయిడ్. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే గళ్ల పరీక్ష. టీబీ మందు ఉచితం, తిండికని నెలకు వెయ్యి రూపాయలు 2024 నవంబరు నుంచి ఇస్తున్నారు. సింగరేణి గనుల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు నిద్ర చాలకపోవడమే జబ్బు. పగలు చీకటి గదిలో, ఫోను పక్కనపెట్టి, ఏడు గంటలు పడుకోనిస్తే కుటుంబం ఆ మనిషికి టానిక్ ఇచ్చినట్టే. ఇవేవీ లేకుండా మనసుకు ఏదీ పట్టక, తిండి సహించక, తెల్లవారుజామునే మెలకువ వస్తుంటే అది దిగులు జబ్బు కావచ్చు. దానికీ మందుంది.

ఆ రేకుల గదిలో కలిసినావిడను ఊరి ఆశా కార్యకర్త మర్నాడే పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల సున్నం పూసినట్టుంది. హిమోగ్లోబిన్ 8.2. సికిల్ లేదు, మలేరియా లేదు. నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చారు. మొదటి వారం వికారమని మానేయబోతే ఆశా కార్యకర్త రాత్రిపూట ఇంటికొచ్చి మరీ వేయించిందట. మూడు నెలల తర్వాత అదే రోడ్డు మీద కనిపించింది. చేతిలో పదిహేనేళ్ల కూతురి చెయ్యి. "ఇది కూడా తెల్లారి లేవలేకపోతోంది సారూ, సూపించుకొస్తా" అంటూ సబ్ సెంటర్ వైపు నడిచింది.