సారు ఫోన్ మోగకముందే

డిగ్రీ అయినంక నాకు దొరికిన మొదటి నౌకరి ఒక ఫైనాన్స్ కంపెనీల. బండేసుకొని ఊర్లు తిరుగుడు, మహిళా గ్రూపుల కాడ కిస్తీలు వసూలు చేసుడు. ఎండల తిరుగుడు కష్టమే గని, అంతకంటే కష్టం మా బ్రాంచ్ మేనేజర్. పొద్దుగాల 7 గంటలకే "యాడున్నవ్?" అని ఫోన్. ఊరికి పోంగనే "లొకేషన్ పెట్టు". మీటింగ్ నడుస్తుంటే "ఫొటో పెట్టు". ఒకరోజు అక్కలు పైసలు ఇస్తుంటే నేను సారుకు జవాబు చెప్పుకుంట లెక్క తప్పిన. 500 రూపాయలు తక్కువొచ్చినయి, నా జేబుల నుంచి కట్టిన. "గిందుకే నేను అడిగేది" అన్నడు సారు. మీరు అడిగితేనే తప్పింది సార్ అని చెప్పే ధైర్యం ఆ రోజు లేకుండె.

గీ రోగం కొత్తది కాదు. 1911ల టేలర్ అనే అమెరికా ఇంజినీర్ ఒక పుస్తకం రాసిండు. కూలీ చేసే ఒక్కో పనిని గడియారం పెట్టి కొలవాలె, ఎట్ల చెయ్యాల్నో మేనేజరే చెప్పాలె అన్నడు. ఇప్పుడు గడియారం జాగల వాట్సాప్ వచ్చింది, గంతే.

అసలు సంగతి నాకు ఒక నెలాఖరుకు సమజైంది. బ్రాంచ్‌ల కూసున్నప్పుడు మా సారుకు పై ఆఫీసు నుంచి 10 నిమిషాలల్ల మూడుసార్లు ఫోనొచ్చింది. "సర్, సర్" అనుకుంట ఆయనకు చెమటలు పట్టినయి. అన్నొద్దులు నామీద అనుమానం అనుకున్న. ఆయనకు పైకి చెప్పనీకి ఒక అంకె కావాలె, అది నా కాడ ఉన్నది.

ఇగ అప్పటిసంది ఆయన అడగకముందే పంపుడు షురూ చేసిన. పొద్దుగాల ఏ ఊర్లకు పోతున్న, 11 గంటలకు ఎంత వసూలైంది, మాపటికి ఎంత మిగిలింది. మూడే మెసేజ్‌లు. మొదటి వారం ఫోన్లు ఏం తగ్గలె, ఉత్తగనే పంపుతున్ననా అనిపించింది. రెండో వారానికి సగమైనయి. అప్పుడు ఆయన ఒక్కడే ఉన్నది చూసి, "సార్, పైసలు లెక్కపెట్టే అరగంట ఫోన్ ఎత్త. అయిపోంగనే నేనే చేస్త" అన్న. అందరి ముంగట అంటే మాత్రం ఒప్పుకోకపోవు. "సరే తియ్" అన్నడు.

నోటితోని చెప్పిన పనిని సుత మెసేజ్‌ల రాసి పెడుత: "సార్, మీరు చెప్పినట్టు రేపు ఫలానా ఊరికి పోతున్న" అని. రేపు "నేనెప్పుడు చెప్పిన?" అంటే అక్కరకొస్తది.

అందరు సార్లు గిట్ల మారరు తమ్మీ. బూతులు తిట్టుడు, అర్ధరాత్రి పని చెప్పుడు అంటే అది వేరే ముచ్చట. మెసేజ్‌లు దాసిపెట్టుకోండ్రి, లేబర్ ఆఫీసుల అడగండ్రి. దుకాణాలల్ల, ఆఫీసులల్ల పనికి 1988 నాటి చట్టం ఉన్నది. వారానికి 48 గంటలు, ఒకరోజు సెలవు. ఊర్లు తిరిగే పనికి మినహాయింపులు ఉంటయి, గందుకే మీ పనికి ఏది వర్తిస్తదో ముందుగాల అడిగి తెలుసుకోండ్రి.

మా సారు ఇప్పటికి పొద్దుగాల 7కు ఫోన్ చేస్తడు. "రూటు పంపిన సార్" అంట. "ఆ, చూసిన" అని పెట్టేస్తడు.