ఏనుగుకు ఎల్లలు తెలియవు

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్ళి అడవిలో నిలబడి చూడండి. తెలంగాణ ఎక్కడ ముగిసిందో, ఛత్తీస్‌గఢ్ ఎక్కడ మొదలైందో చెప్పగలరా? అటూ ఇటూ అవే ఇప్పచెట్లు, అవే తునికిచెట్లు! పటంలో ఉన్న గీత నేలమీద ఉండదు. మనకే కనబడని గీత ఏనుగుకు కనబడుతుందా?

నేడు ఖమ్మం, భద్రాచలం అడవుల్లో ఏనుగుల మందలు స్థిరంగా లేవు. "అయితే ఈ సంగతి మనకెందుకు?" అంటారేమో! ఒక ఉదాహరణ వినండి. ఒడిశా అడవుల నుంచి బయలుదేరిన ఒక మంద ఛత్తీస్‌గఢ్ దాటి 2021లో మహారాష్ట్రలోని గడ్చిరోలి చేరింది. ఆ మంద నుంచి విడిపోయిన మగ ఏనుగు ఒకటి 2024 ఏప్రిల్‌లో ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు రైతులు దాని బారిన పడి మరణించారు. ఏనుగుల రాకపోకలకు అలవాటుపడిన పల్లెలు కావవి.

ఏనుగు ఇంత దూరం ఎందుకు నడుస్తుంది? ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, 100 లీటర్లకు పైగా నీరు కావాలి. మంద అంతా ఒకేచోట ఉంటే అడవి బోడి అవుతుంది. అందుకే అది తిరుగుతూ మేస్తుంది. తిన్న పండ్ల గింజలు పేడతోపాటు దూరాన పడి మొలకెత్తుతాయి. అంటే అడవిని తినేదీ ఏనుగే, నాటేదీ ఏనుగే అన్నమాట! దాని దారిలో గనులు, రోడ్లు అడ్డుపడితే పక్కకు మళ్ళి చేలల్లో దిగుతుంది.

ఆసియా ఏనుగు నేడు 13 దేశాల అడవుల్లో మాత్రమే మిగిలింది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఏనుగులున్నది మన దేశంలోనే. పేడలోని డి.ఎన్.ఎ. ఆధారంగా వేసిన అంచనా 2025లో వెలువడింది. దాని ప్రకారం మన అడవుల్లో 22,446 ఏనుగులున్నాయి. ఇవి ఏ ఒక్క దేశం కాపాడితే దక్కేవి కావు. 1975లో అమలులోకి వచ్చిన 'సైటీస్' ఒప్పందం ఆసియా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. 2017లో ఆ 13 దేశాలూ జకార్తాలో సమావేశమై ఉమ్మడి ప్రకటన చేశాయి. 2020 డిసెంబరులో భారత్, బంగ్లాదేశ్‌లు సరిహద్దు దాటే ఏనుగుల రక్షణకు ఒప్పందం కుదుర్చుకున్నాయి.

దేశాల మధ్య ఉన్న ఈ పొత్తు రాష్ట్రాల మధ్య కూడా ఉండాలి కదా! చిత్తూరు జిల్లా చేలలను అడవి ఏనుగుల నుంచి కాపాడేందుకు 2025 మే నెలలో కర్ణాటక 4 కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను, ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. అయితే కుంకీల కన్నా ముందు కావలసింది కబురు. ఏనుగు కన్నా ముందు దాని కబురు సరిహద్దు దాటితే మనుషులూ బతుకుతారు, ఏనుగూ బతుకుతుంది.

ఇందులో మీ వంతు కూడా ఉంది. ఎప్పుడైనా ఏనుగు జాడ కనబడితే చూడటానికి పరుగెత్తకండి, రాళ్ళు రువ్వకండి. వెంటనే అటవీశాఖ బీట్ ఆఫీసరుకు కబురు చేయండి. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లాలో 4 ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. కరెంటుకు పంది ఏదో, ఏనుగు ఏదో, మనిషి ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళం మనమే!