జేబులో చెక్కముక్క

1994లో కాలిఫోర్నియాలో జెఫ్ హాకిన్స్ అనే ఇంజనీరు చొక్కా జేబులో ఒక చెక్కముక్క పెట్టుకుని తిరిగేవారు. తన గ్యారేజీలో ఆయనే కోసి నునుపు చేసుకున్న ముక్క అది. ఎవరైనా ‘బుధవారం కలుద్దామా’ అని అడిగితే ఆ చెక్క బయటికి తీసి, చెక్కి సన్నం చేసిన చాప్‌స్టిక్ పుల్లతో దానిమీద తడుతూ, అందులో తన రోజువారీ పనుల పట్టిక ఉన్నట్టే చూసుకునేవారు. అలా కొన్ని నెలలు గడిపారు. సర్క్యూట్ లేదు, తెర లేదు, బ్యాటరీ లేదు. ఆ చెక్కే రెండేళ్ళ తర్వాత పామ్ కంపెనీ ‘పైలట్’ అయింది. జేబులో పట్టే కంప్యూటరును జనం రోజువారీ వాడకంలోకి తెచ్చినవాటిలో అది ముఖ్యమైనది.

చెక్క దాకా రావడానికి హాకిన్స్ రెండు వైఫల్యాలు చూశారు. 1989లో గ్రిడ్ సిస్టమ్స్ కంపెనీలో ఆయన రూపొందించిన గ్రిడ్‌ప్యాడ్ పలకలాంటి కంప్యూటర్. బరువు దాదాపు రెండు కిలోలు. గోదాముల్లో సరుకు లెక్కలకు పనికొచ్చింది కానీ మామూలు మనిషి చేతికి ఎక్కలేదు. 1992లో పామ్ కంప్యూటింగ్ పెట్టారు. డోనా డుబిన్‌స్కీ సంస్థను నడిపించడానికి వచ్చారు. మరుసటి ఏడాది క్యాసియో, టాండీ కంపెనీలతో కలిసి తెచ్చిన ‘జూమర్’ ఖరీదెక్కువ, వేగం తక్కువ. అమ్ముడుపోలేదు. అదే ఏడాది యాపిల్ తెచ్చిన ‘న్యూటన్’ మనుషుల చేతిరాతను చదువుతానని వచ్చింది. ఒకటి రాస్తే మరొకటి చదివి, పత్రికల్లో కార్టూన్లకు వస్తువైపోయింది.

జూమర్ కొన్న కొద్దిమందినీ పామ్ బృందం అడిగి చూసింది. వాళ్ళు చెప్పిందేమిటంటే, తమకు కావలసింది మరో కంప్యూటర్ కాదు, బల్లమీద ఉన్న కంప్యూటరుకు జత కలిసే చిన్న పుస్తకం. అప్పుడు హాకిన్స్‌కు తన పోటీ ఎవరితోనో అర్థమైంది. పోటీ న్యూటన్‌తో కాదు, జేబులోని కాగితపు డైరీతో. డైరీ తెరిస్తే వెంటనే తెరుచుకుంటుంది, చొక్కా జేబులో పడుతుంది, చవక. దాన్ని ఓడించాలంటే యంత్రం నాలుగు షరతులకు తలవంచాలి. జేబులో పట్టాలి. 300 డాలర్లు దాటకూడదు. బల్లమీది కంప్యూటరుతో ఒక్క మీట నొక్కితే కలిసిపోవాలి. వాడటానికి కాగితమంత తేలిగ్గా, చురుగ్గా ఉండాలి. చెక్కముక్క పుట్టింది ఈ షరతులను రోజూ పరీక్షించుకోవడానికే. ఒక రోజులో జేబులోంచి ఎన్నిసార్లు తీస్తున్నాను, తీసినప్పుడు ముందు ఏం చూడాలనుకుంటున్నాను? వీటికి జవాబు ప్రయోగశాలలో దొరకదు, నలుగురి మధ్య తిరిగితేనే దొరుకుతుంది.

ఇక మిగిలిన పెద్ద చిక్కు రాయడం. న్యూటన్ తడబడిందంటే అది మొద్దు యంత్రమని కాదు. ఒకరి ‘ఏ’ మరొకరి ‘ఏ’లా ఉండదు. పైగా కలిపి రాస్తే ఒక అక్షరం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో విడదీయడం యంత్రానికి మహా కష్టం. హాకిన్స్ సమస్యను తిరగేశారు. టైపింగ్ నేర్చుకునే మనిషి కాస్త రాయడం మార్చుకోలేడా? అలా వచ్చింది ‘గ్రాఫిటీ’. ఇందులో దాదాపు ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ ఒకటే గీత. ‘ఏ’కి మధ్య అడ్డగీత ఉండదు, తిరగేసిన ‘వి’ గీస్తే చాలు. తెర కింద చిన్న గడి ఉంటుంది. ఎడమ సగంలో అక్షరాలు, కుడి సగంలో అంకెలు. అక్షరాలన్నీ అదే చోట, ఒకదానిమీద ఒకటి రాయాలి. పుల్ల పైకి లేచిందంటే అక్షరం పూర్తయినట్టే. ఎక్కడ విడదీయాలన్న చిక్కు అక్కడితో తీరిపోయింది.

తాటాకుమీద గంటంతో రాసుకున్న మనకు ఈ కథ తెలిసినదే. నిలువు, అడ్డ గీతలు ఆకును చీలుస్తాయి కనుక మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని లిపుల చరిత్ర చెప్పేవాళ్ళు అంటారు. ఆకు కోసం చేయి వంపు నేర్చుకుంది. గాజుపలక కోసం అమెరికావాడి చేయి అడ్డగీత మానుకుంది.

ఆ గాజుపలక పనితీరు చూడముచ్చటైనది. పైన మెత్తటి పారదర్శక పొర, కింద గాజు. ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలకూ కరెంటు పారే పారదర్శక పూత. నడుమ వెంట్రుకవాసి ఖాళీ. నొక్కినచోట రెండు పూతలూ తాకుతాయి. పూతకు ఈ అంచు నుంచి ఆ అంచుకు వోల్టేజి క్రమంగా తగ్గుతూ పోతుంది కనుక, తాకినచోట ఎంత ఉందో కొలిస్తే పుల్ల అడ్డంగా ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. అదే కొలత నిలువునా తీస్తే చోటు పక్కాగా దొరుకుతుంది. గోటితో నొక్కినా పనిచేస్తుంది.

1995లో మోడెముల కంపెనీ యూ.ఎస్. రోబోటిక్స్ 4.4 కోట్ల డాలర్లకు పామ్‌ను కొనుక్కుంది. 1996 వసంతంలో పైలట్ 1000, పైలట్ 5000 మార్కెట్లోకి వచ్చాయి. మొదటిదాని ధర 299 డాలర్లు, జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. తెరమీద 160 వరుసలు, వరుసకు 160 చుక్కలు, రంగుల్లేవు. బరువు దాదాపు 160 గ్రాములు. ముందువైపు నాలుగు మీటలు: తేదీల పుస్తకం, చిరునామాలు, చేయాల్సిన పనులు, చిన్న రాతలు. ఏది నొక్కినా ఆ పేజీ అప్పటికప్పుడే తెరుచుకునేది. రెండు సన్న సెల్స్ వేస్తే వారాల తరబడి నడిచేది. ప్రాసెసర్ మనం తట్టినప్పుడు లేచి, పని కాగానే నిద్రపోయేది మరి. సెల్స్ పూర్తిగా అయిపోతే లోపల రాసుకున్నదంతా చెరిగిపోతుంది. అందుకే ఊయలలాంటి స్టాండులో నిలబెట్టి మీట నొక్కగానే మొత్తం కంప్యూటరులోకి నకలు అయ్యే ఏర్పాటు పెట్టారు. ఏడాదిన్నరలో పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

పేరు వచ్చాక దావాలూ వచ్చాయి. ‘పైలట్’ కలాల కంపెనీ ఆ పేరు తమదని కోర్టుకెక్కింది. దాంతో ‘పైలట్’ పోయి ‘పామ్’ మిగిలింది. ఒకే గీతతో రాసే పద్ధతిమీద పేటెంటు తమదని జిరాక్స్ పట్టుబట్టింది. చివరికి 2003లో అక్షరాల తీరే మారింది. ఈలోపు కంపెనీ త్రీకామ్ చేతికి మారింది. 1998లో హాకిన్స్, డుబిన్‌స్కీ బయటికొచ్చి ‘హ్యాండ్‌స్ప్రింగ్’ పెట్టారు. 2000 మార్చి 2న పామ్ షేరు బజారుకెక్కిన రోజున దాని విలువ 5 వేల కోట్ల డాలర్లు దాటి జనరల్ మోటార్స్‌ను మించిపోయింది. ఆ వెలుగు నిలవలేదు.

జేబులో ఫోను ఒకటి, డైరీ యంత్రం ఒకటి ఎవరు మోస్తారు? ఆ సంగతి ముందుగా గ్రహించినవాళ్ళలో హాకిన్స్ కూడా ఉన్నారు. 2002లో హ్యాండ్‌స్ప్రింగ్ తెచ్చిన ‘ట్రియో’ రెంటినీ ఒకటి చేసింది. మరుసటి ఏడాది పామ్, హ్యాండ్‌స్ప్రింగ్ కలిసిపోయాయి. కానీ 2007లో ఐఫోన్ వచ్చి పుల్లను పక్కనపెట్టి వేలికి పని చెప్పింది. 2009లో పామ్ ‘వెబ్‌ఓఎస్’ అనే చక్కటి వ్యవస్థతో ‘ప్రీ’ ఫోను తెచ్చినా ఆలస్యమైపోయింది. 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు కొని, మరుసటి ఏడాదే ఆ పరికరాల తయారీ ఆపేసింది. వెబ్‌ఓఎస్ మాత్రం చావలేదు. ఎల్‌జీ చేతికి వెళ్ళి ఇవాళ మన ఇళ్ళలోని ఎల్‌జీ టీవీల్లో నడుస్తోంది. తెరచి ఉన్న పనులను పేకముక్కల్లా పేర్చి, అక్కర్లేనిదాన్ని పైకి తోసేసే పద్ధతి ‘ప్రీ’లో వచ్చిందే. ఇప్పుడు మన ఫోన్లలో చాలావాటిలో అదే.

ఇవాళ ఫోను తెరమీద వేలితో తెలుగు రాస్తే, వొత్తులతో సహా గుర్తుపడుతోంది. అప్పుడు యంత్రం కోసం మనిషి రాత మార్చుకుంటే ఇప్పుడు యంత్రమే మన రాత నేర్చుకుంది. గొప్ప ముందడుగే. అయితే పామ్ నుంచి మనం నేర్చుకోకుండా వదిలేసినది ఒకటుంది. పైలట్ పని కాగానే జేబులోకి వెళ్ళిపోవడానికే తయారైంది. ఎంతసేపు చేతిలో ఉంచుకోవాలన్నది దాని లెక్క కాదు, ఎంత త్వరగా వదిలిపెట్టాలన్నదే లెక్క. ఇప్పటి ఫోనులోని చాలా యాప్‌ల లెక్క దీనికి సరిగ్గా ఎదురు.

ఆ చెక్కముక్క ఇప్పుడు కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా వేలమంది పిల్లలు ప్రాజెక్టుల కోసం సర్క్యూట్లు కొంటారు, కోడ్ రాస్తారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రైతు కోసమో, బామ్మ కోసమో, బస్సు కండక్టర్ కోసమో ఏదైనా చేయాలనుకుంటే ముందు ఒక అట్టముక్క కోయండి. దాన్ని వాళ్ళ చేతిలో పెట్టి ఒక వారం వాళ్ళ వెంట తిరగండి. ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో రాసుకోండి. సర్క్యూట్ ఆ తర్వాత కొనండి.