గుంటూరు వైద్యురాలు కుగ్లర్



నేను నూజివీటి ప్రాంతమునందలి రెడ్డిగూడెమువాడను. మామిడితోటల నడుమనున్న బడులలో పిల్లలకు పాఠములు చెప్పి జీవితము గడపినవాడనేగాని వైద్యము తెలిసినవాడను గాను. అయినను నేడొక శస్త్రవైద్యురాలిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. అందులకు కారణము మా యింటిలోనే కలదు.

మా అమ్మమ్మగారి అక్క తొలిచూలు కాన్పునందు రెండు దినములు నొప్పులుపడి కన్నుమూసినదట. మంత్రసాని తనకు తెలిసినదంతయు చేసెను. పట్టణమున వైద్యుడు లేకపోలేదు. కాని పురుషుని పురిటిగదిలోనికి రానిచ్చుటకు పెద్దలు సమ్మతింపలేదు. కొన్నియేండ్లకు మా అమ్మమ్మగారు గర్భవతి కాగా, ఆమె తండ్రి అట్టి దుఃఖము మరల చూడనొల్లక, నెలలు నిండకమునుపే ఆమెను బెజవాడ దాక ఎడ్లబండిమీదను, అచటినుండి రైలునను గుంటూరు చేర్చెను. అచటి ఆస్పత్రిలో పుట్టిన బిడ్డయే మా తల్లి. "అంతయు దొరసానమ్మ చేతిచలువ" యని మా అమ్మమ్మగారు కడవరకు చెప్పుచుండెడివారు. ఆ దొరసానియే అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు జన్మించెను. ఆనాడు స్త్రీకి వైద్యవిద్య సులభముగా లభించునది కాదు. స్త్రీలకొరకే 1850లో ఫిలడెల్ఫియా నగరమున నొక వైద్యకళాశాల వెలసెను. 1869లో అచటి విద్యార్థినులు నగరమందలి పెద్ద ఆస్పత్రిలో పాఠము వినబోగా, పురుష విద్యార్థులు కేకలువేసి, కాగితపుటుండలు విసరి అవమానించిరి. ఆ కళాశాలయందే కుగ్లర్ చదివి 1879లో పట్టము పొందెను. మహారాష్ట్రదేశపు ఆనందీబాయి జోషి 1886లో పట్టము పొందినదియు అచటనే. ఆ యువతి స్వదేశమునకు మరలి, వైద్యము ప్రారంభింపకయే 1887లో పరమపదించెను.

కుగ్లర్ 1883లో లూథరన్ మిషను పక్షమున గుంటూరు వచ్చెను. ఇచ్చట నొక విశేషము గమనింపుడు. వైద్యము చేయవలెనని ఆమె కోరిక. కాని పంపినవారు ఆమెను ఉపాధ్యాయినిగా మాత్రమే నియమించిరి. ఆమె కాదనక, ఘోషాయిండ్లకు బోయి స్త్రీలకు అక్షరములు నేర్పెను. వైద్యునకు మూసియుండిన తలుపు పంతులమ్మకు తెరచుకొనెను. పాఠము ముగిసినపిదప ఒకతె బిడ్డ జ్వరము చెప్పుకొనును; మరియొకతె ఎవ్వరికిని చెప్పుకొనలేని తన బాధను చెవిలో చెప్పును. ఇట్లు బడిపలకవెంట మందుసీసా లోనికి బోయెను. రోగులు పెరుగుట చూచి మిషనువారు 1885లో ఆమెను వైద్యురాలిగా నియమించిరి.

మందు ఇంటికి బోవచ్చును. శస్త్రచికిత్స అట్లు పోలేదు. 1846లో ఈథరను మత్తుమందు బోస్టన్ నగరమున లోకమునకు తెలియవచ్చుటచే రోగికి కత్తి బాధ తప్పినది. 1867లో లిస్టరుపండితుడు గాయములు కుళ్లకుండ కాపాడు పద్ధతిని ప్రకటించుటచే ప్రాణభయము తగ్గినది. ఈ రెంటికిని చాలినంత వెలుతురు, శుభ్రమైన గది, శుద్ధిచేసిన పరికరములు, రాత్రింబగళ్లు కనిపెట్టియుండు మనుష్యులు కావలెను. చీకటి పురిటిగదిలో ఇవి యెట్లు సమకూరును? అందుచే ఆమె స్వదేశమునకు బోయి ధనము కూడబెట్టి వచ్చెను. 1893లో మందులశాలయు, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆస్పత్రియు గుంటూరున నెలకొనెను. రోగుల బంధువులు దిగుటకు ఏలూరి జమీందారొకరు ఎదుటనే సత్రము కట్టించియిచ్చిరి. రోగివెంట ఇల్లంతయు కదలివచ్చు దేశములో ఆ సత్రమును చికిత్సలో నొక భాగమే.

సుశ్రుతాచార్యులు శిష్యునిచేత గుమ్మడి, దోస మొదలగు కాయలపై కోతలు అభ్యసింపజేయవలెనని విధించియున్నారు. గ్రంథమెంత చదివినను చేతికి అభ్యాసము లేనివాడు చికిత్సకు తగడని వారి భావము. కుగ్లర్ ఆస్పత్రియందును ఇట్టి గురుకులమే నడచెను. శస్త్రవైద్యురాలి పని గడియలో ముగియును. గాయము మానువరకు రోగిని కాపాడునది నర్సు. పరుల నెత్తురును మలమును ముట్టుట నీచమని తలచు కాలమున, తెలుగు బాలికలను చేరదీసి, పట్టీ కట్టుట, నాడి చూచుట, పరికరములు కాచి శుద్ధిచేయుట వారికి నేర్పిరి. మా అమ్మమ్మగారు దొరసానిని మెచ్చుచునే, "రాత్రి మూడుమారులు లేచివచ్చి నన్ను చూచినది మాత్రము మన తెలుగుపిల్లయే" అనెడివారు. నేను ఉపాధ్యాయుడనగుటచే కాబోలు, ఆ రెండవమాటయే నాకు మిక్కిలి ప్రియమైనది.

ప్రభుత్వము 1905లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నొసగెను. నలువది యేడేండ్ల సేవపిదప 1930 జూలై 26వ తేదీన, తాను కట్టించిన ఆస్పత్రియందే ఆమె తనువు చాలించెను. ఆ ఆస్పత్రికి కుగ్లర్ పేరే నిలిచినది. ఆమె మతప్రచారమునకై వచ్చిన సంస్థకు చెందినదనుట నిజమే. కాని నొప్పులతో వచ్చిన స్త్రీకి ఆ గుమ్మమున కావలసినది నిపుణమైన చేయి. అది ఆమెకు దొరకినది.

మా ప్రాంతమున మంచి మామిడిపండ్లు పంచిపెట్టినవానిని ఆ యేడు తలచుకొందురు. అంటుకట్ట నేర్పినవానిని తోటలున్నంతకాలము తలచుకొందురు. కుగ్లర్ తన చేతితో రక్షించినవారు ఎందరో కలరు. ఆమె నేర్పిన చేతులు రక్షించినవారు అంతకంటె ఎక్కువమంది. మీ యింటి ఆడుబిడ్డ వైద్యమునో నర్సుపనినో చదివెదనని అడిగినచో, కాదనుటకు ముందు మా అమ్మమ్మగారి అక్కను ఒక్కమారు తలచుకొనుడు.