మీకు తెలుసా? అర్ధరాత్రి ఏడ్పు

పసిబిడ్డ ఏడ్పు పుట్టిన 6 వారాలకు అటూఇటుగా బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. రాత్రీ పగలూ తేడా మొదట్లో బిడ్డ ఒంటికి తెలియదు. ఏడ్చే బిడ్డ దగ్గరికి వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ నిద్ర అలవాటు చేయమని అమెరికా వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో చెప్పాడు. అది తొలి నెలల పసికందుకు కాదు. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో అమ్మ పక్కనో తొట్టెలలోనో పడుకునే బిడ్డతో ఆ లెక్క కుదరడమూ కష్టమే.

ఎత్తుకుని తిప్పే నానమ్మ పద్ధతిని మాత్రం 2022లో జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నిమిషాల్లో కొలిచారు. 5 నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయాక వెంటనే దించితే బిడ్డ లేచే అవకాశం ఎక్కువ. మరో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని కూర్చోవాలి.

ఆదిలాబాద్ చలికి భయపడి తలుపులేసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం మీదికి దుప్పటి రాకుండా చూడాలి.

ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో 6 సార్లు ఇంటికి రావాలి. రాత్రి ఏడ్పు గురించి ఆమెను అడగడానికి మొహమాటమెందుకు? బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.