గుండిగలో గోరువెచ్చని నీళ్లు

నవంబరు దాటిందంటే మా ఏజెన్సీలో తొమ్మిదింటికి గానీ మంచు విడవదు. లంబసింగి, చింతపల్లి పేర్లు పేపర్లకెక్కేది ఆ నెలల్లోనే. మైదానం నుంచి జనం కార్లేసుకుని మంచు చూడ్డానికి వస్తారు. ఆ చుట్టుపక్కలే ఒక గిరిజన బాలికల హాస్టల్లో పదకొండేళ్లు వార్డెన్‌గా పనిచేశాను. తొంభైమంది ఆడపిల్లలు. చలికాలమంటే నాకు ఇప్పటికీ రాత్రి డార్మిటరీలో ఒక మూల మొదలై ఇంకో మూలకు పాకే దగ్గే గుర్తొస్తుంది.

మొదటి ఏడాది సోమవారం ఒక పిల్లకు ముక్కు కారితే శనివారానికి ముప్పైమంది పడకేశారు. నాకు భయమేసింది. నర్సీపట్నం దిగి, రోగనిరోధక శక్తి పెంచుతుందని డబ్బా మీద రాసున్న పొడి నా డబ్బులతో కొనుక్కొచ్చి పాలల్లో కలిపి ఇచ్చాను. మా ఏఎన్ఎం ఆ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, ‘మేడం, పిల్లలు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?’ అని అడిగింది.

లెక్కేశాను. రాత్రి పది దాకా స్టడీ అవర్. తెల్లారి నాలుగున్నరకి గంట. మధ్యలో చలికి ముడుచుకుని అటూ ఇటూ దొర్లే సమయం. ఆరు గంటల నిద్ర కూడా లేదు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి, పన్నెండేళ్ల లోపు వాళ్లకైతే కనీసం తొమ్మిది.

తర్వాత దీని గురించి చదివాను. అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారంపాటు కొలిచి, ఆ తర్వాత వాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. 2015లో ఫలితం అచ్చయింది. ఏడు గంటలకు మించి నిద్రపోయినవాళ్లతో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయినవాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువ. వాళ్లంతా పెద్దవాళ్లు, నిజమే. కానీ కంటి నిండా నిద్ర లేనివాళ్లలో టీకా వేసినా యాంటీబాడీలు తక్కువే తయారవుతాయని చూపిన పరీక్షలు కూడా ఉన్నాయి. ఇవన్నీ చదివాక ఆ నాలుగున్నర గంట కొట్టించడానికి నాకు మనసొప్పలేదు. పై అధికారితో రెండు నెలలు వాదించాను. చదువు పాడవుతుందన్నారు. చివరికి చలికాలం మూడు నెలల వరకూ ఒప్పుకున్నారు: తొమ్మిదికి దీపాలార్పాలి, ఐదున్నరకి లేపాలి.

చలికి జలుబు చేస్తుందన్న మన పెద్దల మాటలో కొంత నిజముంది. చలి దానంతటది జలుబు పుట్టించదు. అందుకు వైరస్ ఉండాలి, అవి రెండు వందల రకాలకు పైనే. అయితే చల్లగాలికి ముక్కు లోపల వేడి తగ్గితే అక్కడి కణాలు వైరస్‌ని ఎదుర్కొనే బలం తగ్గుతుందని 2022లో ఒక పరిశోధన చూపింది. అంతకంటే పెద్ద కారణం, చలికి మనమంతా తలుపులు బిగించుకుని ఒకే గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీల్చడం. మా పిల్లలైతే ఇద్దరిద్దరు ఒకే రగ్గులో దూరేవారు. విడదీస్తే చలి, కలిపితే జలుబు. అందుకని ఒకరి తల ఉన్నవైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టాం. పైన వెంటిలేటర్లకు కుక్కిన గోనెసంచులు తీయించాను. ఇళ్లలో చలి కాచుకోడానికి మూసిన గదిలో కుంపటి పెట్టుకోవద్దని సెలవులకు వెళ్లే ప్రతి పిల్లకూ చెప్పేదాన్ని. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. పొగ రాని బొగ్గు అయినా సరే, దాన్నుంచి వచ్చే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చేతులు కడుక్కోమని రోజూ చెప్పేదాన్ని. ఒకరోజు పక్కన నిలబడి చూశాను. ఆరో తరగతి పిల్ల ఒకతె కుళాయి తిప్పి, రెండు వేళ్ల కొసలు తడిపి, గౌనుకు తుడుచుకుని పరుగెత్తింది. నేనూ చెయ్యి పెట్టాను. వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ నీళ్లలో ఇరవై సెకన్లు సబ్బు రుద్దమనడం అన్యాయం. మర్నాటి నుంచి మా వంటావిడ అన్నం వార్చాక అదే పొయ్యి మీద ఒక గుండిగ నీళ్లు పడేసేది. గోరువెచ్చగా కాగాక గుండిగను కుళాయిల దగ్గర పెట్టించి, ఒక చెంబు, రెండు సబ్బులు ఉంచాం. ఆ వెచ్చదనం కోసమైనా పిల్లలు అక్కడే నిలబడి, వేళ్ల సందులు కూడా రుద్దుకోవడం మొదలెట్టారు.

తిండికి కొండ దిగనక్కర్లేదు. యాంటీబాడీలు తయారయ్యేది ప్రోటీన్‌తోనే, చింతపల్లి చుట్టూ రాజ్‌మా పండుతుంది. రాగుల్ని అక్కడ చోళ్లంటారు, పొద్దున్నే చోడి అంబలి. హాస్టల్ గుడ్డు ఎలాగూ ఉంది. కమలాపండుతో చూస్తే జామకాయలో సి విటమిన్ దాదాపు నాలుగు రెట్లు. జామకాయ తింటే జలుబు రాదని మాత్రం చెప్పను. సి విటమిన్ బిళ్లలు రోజూ మింగినా మామూలు మనుషులకు జలుబు రాకుండా ఆగదు, వచ్చింది కాస్త ముందుగా తగ్గుతుందంతే. మిరియాల చారు గొంతుకు హాయి. ఆ హాయి కూడా అవసరమే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది సూది మందు. ‘మా పిల్లకి ఒక సూదేయించండమ్మా’ అని తల్లిదండ్రులు బతిమాలేవారు. సూదిలో ఇచ్చే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, జలుబు వైరస్ మీద కాదు. 1948లో లోకానికి వెల్లడైన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెనక భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వం ఉంది. అలాంటి మందుల్ని ప్రతి తుమ్ముకూ వాడితే రేపు న్యుమోనియా వచ్చినప్పుడు పనిచేయకుండా పోతాయి. మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. అయితే జ్వరం మూడు రోజులు దాటినా, పిల్ల డొక్కలెగరేస్తున్నా ఆగకూడదు. ఇంట్లో ఏడాది నుంచి ఐదేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే, నిమిషానికి నలభై, ఆపైన ఊపిరి తీస్తుంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గుకు తేనె మంచిదే, ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాకించకూడదు. వృద్ధులు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టర్ని అడగాలి.

ఆ మార్పుల తర్వాత జలుబులు ఆగిపోయాయా అంటే, లేదు. కానీ ఒకేసారి ముప్పైమంది పడకేయడం మళ్లీ చూడలేదు. నేను బదిలీ మీద కొండ దిగి మూడేళ్లయింది. మొన్న మా వంటావిడ ఫోన్ చేసింది. కొత్త మేడం వచ్చిందట, గుండిగ ఎందుకని అడిగిందట. ‘ఏమన్నావు?’ అన్నాను.

‘చెయ్యి పెట్టి చూడండమ్మా అని కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను’ అంది.